బేరం సరే... తేదీ చూశారా?

చార్మినార్‌ పక్కనే లాడ్‌బజార్‌. అక్కడి తళుకులకు ఎంత పేరంటే... హైదరాబాద్‌ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పెళ్లిళ్ల సీజన్‌లో గాజులు కొన్నవాళ్ల అడుగులు అక్కడితో ఆగవు. మదీనా మీదుగా నయాపూల్‌ దగ్గర మూసీ దాటి, అఫ్జల్‌గంజ్‌ పక్కనున్న బేగంబజార్‌కు చేరతాయి. గాజులకు తగ్గ నెయిల్‌పాలిష్‌, చీరకు తగ్గ లిప్‌స్టిక్‌, కాటుక... పెళ్లికూతురి మేకప్‌ బాక్సు నిండేది ఆ సందుల్లోనే!

డజన్ల లెక్క

బేగంబజార్‌ అంటేనే హోల్‌సేల్‌. ఊళ్లలో ఫ్యాన్సీ షాపులు నడిపేవాళ్లు సరుకు కోసం ఇక్కడికే వస్తారు. డజను తీసుకుంటే ఒక ధర, విడిగా అయితే మరో ధర. అందుకే అక్కాచెల్లెళ్లు, తోటికోడళ్లు కలిసి డబ్బా మొత్తం కొని పంచుకుంటారు. అయిదు రూపాయల కోసం అరగంట బేరమాడేవాళ్లు కూడా సీసా తిరగేసి చూడరు. కంటికీ పెదవికీ తగిలే సరుకు మరి!

ఏ నెల, ఏ ఏడాదిలోగా వాడాలో ప్యాకింగ్‌ మీద ముద్రించాలని 2020 నాటి కాస్మెటిక్స్‌ రూల్స్‌ చెబుతున్నాయి. తయారీదారు పేరు, చిరునామా కూడా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు వివరాలు, రిజిస్ట్రేషన్‌ నంబరు చూసుకోవాలి. మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 12 పక్కన ‘ఎం’ అక్షరం ఉంటే... తెరిచాక పన్నెండు నెలల్లో వాడేయాలని అర్థం. తేదీని గీకేసినట్లున్నా, దానిపై మరో స్టిక్కరు అతికించినా ఎంత చవకైనా వద్దు.

ఎండ దెబ్బ

విడిగా ఒకటీ రెండూ కావాలంటే కోఠిలోని సుల్తాన్‌బజార్‌ ఉండనే ఉంది. అయితే తేదీ ఒక్కటే చూస్తే చాలదు. మే నెలలో హైదరాబాద్‌ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫుట్‌పాత్‌ మీద, ఎండ పడే అద్దాల బీరువాలో రోజుల తరబడి ఉన్న లిప్‌స్టిక్‌పై చెమటలా నూనె బొట్లు తేలతాయి. పాత నూనె వాసన వస్తే అది పాడైనట్లే. నీడలో, పెట్టెలో ఉన్నది తీసివ్వమని అడగాలి. రంగును చేతిమీద చూసుకోవాలే కానీ అందరూ వాడిన శాంపిల్‌ను పెదవికి రాసుకోకూడదు.

నెయిల్‌పాలిష్‌ సంగతి వేరు. మూత తీయని సీసా చాలాకాలం నిల్వ ఉంటుంది. తెరిచాక రెండేళ్లలోపు వాడేయడం మంచిది. అందులోని ద్రావకాలు ఆవిరయ్యే కొద్దీ రంగు చిక్కబడుతుంది. రంగు, ద్రావకం వేరుపడి కనిపిస్తే కంగారక్కర్లేదు. అరచేతుల మధ్య దొర్లిస్తే కలిసిపోతుంది. ఎంతసేపు కలిపినా అడుగున గడ్డ కరగకపోయినా, బ్రష్‌ తీస్తే పాకంలా తీగ సాగినా దాని పని అయిపోయినట్లే. కాస్త చిక్కబడితే థిన్నర్‌ ఒకటి రెండు చుక్కలు వేయొచ్చు. రిమూవర్‌ మాత్రం పోయకూడదు. రంగు పలచబడినా గోటికి సరిగా పట్టదు.

ఇంటికొచ్చాక...

* మస్కారా, లిక్విడ్‌ ఐలైనర్‌ తెరిచిన మూడు నుంచి ఆరు నెలల్లో మార్చేయాలి.
* ముఖానికి రాసుకునే క్రీములను ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, లిప్‌స్టిక్‌ను ఏడాది నుంచి రెండేళ్లలోపు వాడాలి. డబ్బాపై అంతకంటే తక్కువ గడువుంటే అదే లెక్క.
* తెరిచిన తేదీ రాసిన చిన్న చీటీ సీసాకు అతికిస్తే మర్చిపోరు.
* అక్కాచెల్లెళ్లయినా సరే, కాటుక ఎవరిది వారిదే. కంటికి ఇన్ఫెక్షన్‌ వస్తే అప్పటిదాకా వాడిన కాటుక, మస్కారా పారేయాల్సిందే.
* బిల్లు అడిగి తీసుకోవాలి. గడువు తీరిన సరుకు అంటగడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

ఈసారి బేగంబజార్‌ వెళ్తే ‘ఎంతకిస్తావ్‌’ అనే ముందు ‘ఎప్పటిదాకా’ అని అడిగి చూడండి. బేరం ఆ తర్వాతైనా ఆడుకోవచ్చు!