అందరి కాళ్ళకూ బంతి

ఫుట్‌బాల్ అనగానే మగపిల్లలు, పెద్ద గ్రౌండు గుర్తొస్తాయి కదూ? మా నస్పూర్‌లో సింగరేణి క్వార్టర్ల పక్క ఖాళీ జాగాలో సాయంత్రంపూట నేను ఆడపిల్లలకు నేర్పే ఆటకు అంత చోటక్కర్లేదు. ఎనిమిది అంగల చదరం గీస్తే చాలు. నలుగురు అంచుల మీద, ఒకరు మధ్యలో. మధ్యనున్న పిల్లకు చిక్కకుండా నలుగురూ బంతి అందించుకోవాలి. పోగొట్టినవాళ్ళు మధ్యలోకి వెళ్ళాలి.

పదకొండుమంది ఆటలో బెరుకు పిల్ల దగ్గరికి బంతే రాదు. ఇక్కడ రాక తప్పదు! బంతి వచ్చేలోపే తలెత్తి చూడమంటాను, అందించాక కదలమంటాను. తరచూ పోతుంటే చదరం పెంచుతాను. మరీ తేలికైపోతే రెండుసార్లకు మించి తాకకుండా ఇచ్చెయ్యమంటాను.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన కోచ్, హైదరాబాద్ రహీం మాస్టారు కూడా బంతిని ఒక్కరే నడుపుకుపోకూడదనే షరతుతో పోటీలు పెట్టేవారు.

పెద్దమనిషి కాగానే ఆడపిల్లను ఆట మాన్పించేస్తాం. మాన్పించకండి. రొట్టెలు అరగంట ఆలస్యమైతే కొంపేం మునగదు. నలుగురిలో "ఇటివ్వు!" అని గట్టిగా అడగడం దానికి అలవాటు కానివ్వండి.