పడ్డవాళ్ల పేర్లు

మా పిల్లలకు ఫైట్లంటే ప్రాణం. మాకూ ఇష్టమే. ఉట్నూరు ప్రాంతంలో ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పుకుంటున్న మా తరం ఆదివాసీ టీచర్లలో చాలామందిమి, గూడెంలో తలా రెండు రూపాయలు వేసుకుని టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ మూడు సినిమాలు చూసి పెరిగినవాళ్లమే. డీఎడ్ చదివే రోజుల్లో కూడా జీతం లేని పేదరికంలో టికెట్టుకు మాత్రం డబ్బులు ఎక్కడి నుంచో పుట్టేవి.

ఇప్పుడు ఏ మీటింగులో కూర్చున్నా ఒక మాట వినిపిస్తుంది. సినిమాల్లో కొట్లాటలు చూసి పిల్లలు పాడైపోతున్నారని. ఆ మాటతో మాకు పూర్తిగా పేచీ లేదు గానీ, అన్ని కొట్లాటలనూ ఒకే గాటన కట్టడం సరికాదనిపిస్తుంది. కొన్ని ఫైట్లు హాలు బయటికి రాగానే మరిచిపోతాం. కొన్ని ఏళ్ల తరబడి మనసులో నిలిచిపోతాయి. ఎంత రక్తం చూపించారన్నది దీనికి కారణం కాదు. ఆ దెబ్బ తిన్న మనిషి మనకు ఎంత తెలుసు, అతని కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారు అన్నదే కారణం.

1975లో వచ్చిన షోలేనే చూడండి. అందులో అహ్మద్ అనే కుర్రవాడు చనిపోతాడు. అతన్ని చంపడం మనకు చూపించరు. గబ్బర్ తన చేతి మీద పాకుతున్న చీమను చూస్తాడు, నలిపేస్తాడు, అంతే. ఆ తర్వాత గుర్రం మీద శవం ఊళ్లోకి వస్తుంది. కత్తి లేదు, తుపాకీ మోత లేదు. అయినా ఆ చావు ఎందుకు అంత బరువుగా ఉంటుంది? ముందే మనకు ఆ ఇల్లు తెలుసు కాబట్టి. అతని తండ్రి ఇమాం, ముసలివాడు, చూపు లేనివాడు. తండ్రిని వదిలి పనికి పోవడానికి కొడుక్కి మనసు ఒప్పదు. వెళ్లమని పట్టుబట్టింది ఆ తండ్రే. ఇప్పుడు ఊరంతా ఎందుకు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిందో ఆయన ఒక్కడికే తెలియదు. చీమను నలిపిన ఆ ఒక్క క్షణం వంద తూటాల కంటే గట్టిగా తగలడానికి కారణం ఈ తండ్రీకొడుకులే.

ఇది మన పెద్దలకు కొత్త విద్య కాదు. మన ప్రధాన్ కికిరి పట్టి వీరుడి కథ ఎత్తుకుంటే యుద్ధం వెంటనే రాదు. ఎన్ని దేవర్ల వాళ్లు, ఏ సగ, ఏ ఇంటిపేరు, తల్లి ఎవరు, ఎవరితో వియ్యం, ఇవన్నీ చెబుతాడు. పిల్లలు అప్పటికే సగం నిద్రలో ఉంటారు. కానీ ఆ వరస అంతా విన్నవాళ్లకు, చివర వీరుడు పడితే తమ ఇంట్లో మనిషి పడ్డట్టే ఉంటుంది. కొత్తమనిషి కనబడితే మనం ఇవాళ్టికీ అడిగేది ఎన్ని దేవర్ల వాళ్లని కదా. ఆ జవాబు వచ్చాకే అతను మనకు అన్న అవుతాడో, బావ అవుతాడో తెలుస్తుంది.

ఇక 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ గురించి. మన భీం పేరుతో ఇంత పెద్ద సినిమా వస్తుంటే మనవాళ్లు ఎంత ఆశగా ఎదురుచూశారో చెప్పనక్కర్లేదు. ఆ సినిమా మొదలే మన గూడెంలో. గోండు పిల్ల మల్లి పాట పాడుతుంది. దొరసానికి ఆ పిల్ల నచ్చుతుంది. రెండు నాణేలు విసిరితే, పాటకు ఇచ్చిన బహుమానం అనుకుంటుంది తల్లి. అది తన పిల్లకు కట్టిన వెల అని తెలిసేసరికి కారు కదులుతుంది. అడ్డం పడిన తల్లిని సిపాయి కాల్చబోతే దొర ఆపుతాడు. జాలితో కాదు. సీమ నుంచి సముద్రం దాటి వచ్చిన తూటా ఖరీదు ఈ తల్లి ప్రాణం కంటే ఎక్కువని. అప్పుడు కట్టెతో కొడతారు.

ఆ తర్వాత మూడు గంటల సేపు ఎన్నో ఫైట్లు వస్తాయి. నిజంగా జరిగేవి కావవి. అయినా మా పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారంటే, భీం ప్రతి దెబ్బ వెనకా ఆ తల్లి ఉంది కాబట్టి. చివర్లో తూటా ఖరీదు మాట తిరిగి దొర దగ్గరికే వస్తుంది.

ఇంకొకటి గమనించాం. ఆ సినిమాలో అన్నిటికంటే బరువైన దెబ్బలు భీం కొట్టినవి కాదు, తిన్నవి. కట్టేసి కొరడాతో కొడుతుంటే, మోకాళ్ల మీద పడమంటే, పడకుండా పాట పాడతాడు. సుద్దాల అశోక్‌తేజ రాసిన ఆ పాట పాడినందుకు కాలభైరవకు జాతీయ పురస్కారం వచ్చింది. కొరడా పట్టింది స్నేహితుడే. వాడి చేతులు కొడుతున్నాయి గానీ వాడి కళ్లు వేరే సంగతి చెబుతున్నాయి. ఇద్దరూ మనకు తెలిసినవాళ్లు. అందుకే చూసేవాళ్లకు రెండు వైపులా నొప్పే.

మొదట్లో భీం పులిని పట్టినప్పుడు కూడా, నా అవసరానికి నిన్ను వాడుకుంటున్నానని దాన్ని మన్నించమంటాడు. అడవి తెలిసిన మనిషి మాట అది. మాకు చాలా నచ్చింది.

స్కూల్లో ఈ సినిమా వేసిన మర్నాడు ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాం. నోటుబుక్కులో మధ్యన గీత గీయమన్నాం. దెబ్బలు తిని పడ్డవాళ్లలో పేరు తెలిసినవాళ్లను ఒక పక్క, తెలియనివాళ్లను ఇంకో పక్క రాయమన్నాం. మొదటి పక్క నాలుగైదు పేర్లు వచ్చాయి. రెండో పక్క లెక్కపెట్టలేక పిల్లలు వదిలేశారు. వాళ్లెవరని అడిగితే ఒక పిల్లవాడు, "వాళ్లు ఉత్తోళ్లు సార్" అన్నాడు.

ఉత్తోళ్లు. అంటే పడటానికే పుట్టినవాళ్లు. ఇంటిపేరు లేదు, తల్లి లేదు, దేవర్లు లేవు. ఏ ఫైటు సినిమాకైనా వాళ్లు కావాలి. లేకపోతే హీరో ఎవరిని కొడతాడు? పేరున్నవాడి బాధకు బరువు తేవడానికి, పేరులేనివాళ్ల బాధను దూదిలా తేలిక చేస్తారు. తెర మీద అది లెక్కలోకి రాని విషయంలా కనిపిస్తుంది. కానీ ఎవరిని ఉత్తోళ్లుగా పెడుతున్నారన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

2015లో వచ్చిన మొదటి బాహుబలిలో కాలకేయులు అలాంటివాళ్లే. యుద్ధం గొప్పగా తీశారు, కాదనం. శత్రువు బందీలను అడ్డం పెట్టుకుంటే భల్లాలదేవుడు వాళ్లను నరుక్కుంటూ పోతాడు, బాహుబలి వాళ్ల ప్రాణాలు కాపాడి ముందుకు పోతాడు. రాజు ఎవరు కావాలో ఆ ఒక్క తేడాతోనే తేలుతుంది. మనిషి గుణం యుద్ధానికి బరువు ఎలా తెస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. మరి కాలకేయులో? నల్లటి ఒళ్లు, వికారపు ముఖాలు, ఎవరికీ అర్థం కాని మాట. కిలికి అని వాళ్ల కోసం ఒక భాషనే కొత్తగా తయారుచేశారు. భాష ఇచ్చారు గానీ ఒక్క తల్లిని ఇవ్వలేదు. అంతమంది చచ్చినా ఏడ్చేవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ యుద్ధానికి ఈలలు వేసిన మా పిల్లల్లో ఒకడు తర్వాత ఇంటర్ చదవడానికి పట్నం పోయాడు. హాస్టల్ గదిలో ఇంటికి ఫోన్ చేసి గోండీలో మాట్లాడుతుంటే తోటివాళ్లు విన్నారు. ఆ రోజు నుంచి వాడి పేరు కాలకేయ. వాడు చదువు మానలేదు. ఫోన్ మాత్రం మేడ మీదికి పోయి, చీకట్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. సెలవులకు వచ్చినప్పుడు నవ్వుతూనే చెప్పాడు మాకు. వాడు బాహుబలి వైపు నిలబడి చప్పట్లు కొట్టాడు. చూసినవాళ్లు వాడిని అవతలి వైపు నిలబెట్టారు.

ఆర్ఆర్ఆర్ ఆ అవతలి వైపు నుంచి మనల్ని ఇవతలికి తెచ్చింది, నిజమే. అయినా టీచర్లుగా మాకు ఒక దగ్గర ముల్లు గుచ్చుకుంది. చివర్లో ఏం కావాలని రాముడు అడిగితే, చదువు కావాలంటాడు భీం. అది కల్పిత కథే. కానీ భీం జీవిత కథలు చెప్పేది వేరు. ఊరు విడిచిపోయిన రోజుల్లోనే ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడు. నిజాం సర్కారుతో పోరాడే ముందే ఆయనకు అక్షరం తెలుసు. సినిమా భీంకు బలం ఇచ్చింది, కన్నీళ్లు ఇచ్చింది, పాట ఇచ్చింది. ఆయన దగ్గర ముందే ఉన్న అక్షరాన్ని మాత్రం ఇంకొకరి చేతి నుంచి ఇప్పించింది.

అందుకే పిల్లలకు ఫైట్లు చూడొద్దని మేము చెప్పడం లేదు. చూడండి, ఈల వేయండి. తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. దెబ్బ తిన్నవాడి పేరేమిటి? వాడి కోసం ఎవరు ఏడ్చారు? ఎవరూ ఏడవకపోతే, ఏడవకుండా ఆపింది ఎవరు? కథలు రాసే యువకులకు ఇంకో మాట. మీ కథలో కొట్లాట పెట్టండి, తప్పు లేదు. కొట్టే ముందు మాత్రం పడబోయేవాడికి ఒక ఇంటిపేరు పెట్టండి.

ఈ ప్రశ్నలు సినిమాలతో ఆగేవి కావు. 1940లో జోడేఘాట్‌లో భీంతో పాటు చనిపోయినవాళ్ల పేర్లు మనలో ఎంతమందిమి చెప్పగలం? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అంటుంది సర్కారు లెక్క. ఇంకా ఎంతో మంది అంటారు మనవాళ్లు. ఇన్నేళ్లుగా ఆ లెక్క మీదే మాట్లాడుకుంటున్నాం. లెక్క తేలాల్సిందే. కానీ లెక్కకు తల్లి ఉండదు, పేరుకు ఉంటుంది.

ఎనిమిదో తరగతి పిల్లలు ఈసారి సెలవులకు ఇళ్లకు పోతుంటే మళ్లీ నోటుబుక్కులో గీత గీయించాం. ఒక పక్క పేరు, ఇంకో పక్క ఊరు, ఎన్ని దేవర్ల వాళ్లు, వెనక ఎవరు మిగిలారు. గూడెంలో ముసలివాళ్లను అడిగి రాసుకురమ్మన్నాం. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి.