వంటవాడా, వడ్డించేవాళ్లా?

నలభై నాలుగేళ్ల సంసారి, ఇద్దరు పిల్లల తండ్రి, శనివారం రాత్రి తొమ్మిదింటికల్లా భోంచేసి, గది తలుపు ఓరగా వేసుకుని, చెవులకి హెడ్‌ఫోనులు తగిలించుకుని, కంప్యూటరులో తుపాకులు పేల్చుకుంటాడంటే నలుగురూ నవ్వుతారని నాకు తెలుసు. మా ఆవిడ మాత్రం నవ్వడం మానేసి చాలాకాలమైంది. "ఆయనకదో వ్రతం లెండి" అని పక్కింటావిడతో చెబుతూంటే నేను స్వయంగా విన్నాను.

వ్రతమే. ఆ ఆటలో నా పక్కన నిలబడేవాడు సింగపూరులో ఉన్న మా తమ్ముడు.

2021లో అమలాపురం దగ్గర మా తాతగారి నాటి ఇల్లు అమ్మేశాం. అమ్మేద్దామన్నాడు వాడు, ఉంచుదామన్నాను నేను. ఎవరి వాటా వాళ్ల ఖాతాలో పడింది. దెబ్బలాట ఏమీ జరగలేదు. జరిగినా బాగుండేదేమో! వదినతో మాట్లాడతాడు, పిల్లలతో గంటలకొద్దీ మాట్లాడతాడు. నా చేతికి ఫోను వచ్చేసరికి "బాగున్నావా అన్నయ్యా?" "బాగున్నానురా" - అంతటితో సరి. మేము నోరారా మాట్లాడుకునేది కౌంటర్-స్ట్రైక్ ఆటలోనే. "అన్నయ్యా, ఎడమపక్క ఇద్దరున్నారు!" "ఒరేయ్, నువ్వు ఆగు, నేను ముందు వెళ్తాను." మా అన్నదమ్ముల సంభాషణ అంతా ఇంచుమించు ఇదే.

ఈ పిచ్చి నిన్నా మొన్నటిది కాదు. 2004లో కాకినాడలో ఒక ఇంటర్నెట్ సెంటరులో గంటకి పదిహేను రూపాయలిచ్చి, అరగంట వాడూ అరగంట నేనూ వంతులు వేసుకుని ఆడేవాళ్లం. వాడి వంతు అయిపోయినా కుర్చీ లేచేవాడు కాదు. అది వేరే కథ.

ఇంతకీ నా కంప్యూటరు సంగతి. జీతం బకాయిలు చేతికందిన శుభసమయాన, 2017లో కొన్నాను. రైజెన్ 5 1600 అనే ప్రాసెసరు, బీ350 రకం మదర్‌బోర్డు, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యాము - అదీ ఒకటే స్టిక్కు - 450 వాట్ల పవర్ సప్లై. అప్పట్లో వీధిలోకెల్లా గొప్ప యంత్రం. 2021లో పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించాను. పాత కంప్యూటరుకి ఎవరైనా మొట్టమొదట చేయించవలసిన వైద్యం అదే. అంతకుముందు స్విచ్చి నొక్కి కాఫీ తాగి వచ్చేవాణ్ణి. తరవాత కాఫీకి వ్యవధి లేకపోయింది.

2023 సెప్టెంబరులో పాత ఆట తీసేసి, దాని స్థానంలో కౌంటర్-స్ట్రైక్ 2 తెచ్చిపెట్టారు. అక్కడినుంచీ మొదలయింది నా అవస్థ. ఎవరైనా పొగ బాంబు విసిరారంటే చాలు, నా తెరమీద మనుషులు బొమ్మల కొలువులో బొమ్మల్లా నిలబడిపోయేవారు. మళ్లీ కదిలేసరికి నేను చచ్చి పడివుండేవాణ్ణి. రెండేళ్లు ఎలాగో నెట్టుకొచ్చాను. 2025 నవంబరులో ఒక శనివారం వరసగా నాలుగుసార్లు ఇదే వరస అయ్యేటప్పటికి, అవతలనుంచి మా తమ్ముడు చాలా నెమ్మదిగా, "పోనీలే అన్నయ్యా, ఇంక మానేద్దాంలే" అన్నాడు.

ఆట గురించే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు వాడే మెసేజి పెట్టాడు. తను కొత్త కార్డు కొనుక్కున్నాడట. పాత ఆర్‌టీఎక్స్ 3060 ఖాళీగా ఉందట, పంపిస్తాడట. అదీ కాకపోతే అక్కడే కొత్త కంప్యూటరు కొనుక్కోమనీ, డబ్బు తను వేస్తాననీ. నాకు చివరి మాటే కనబడింది. "అక్కర్లేదురా, నేను చూసుకుంటాలే" అని రాసిపడేశాను.

చూసుకోవడానికి నా దగ్గర పదిహేను వేలున్నాయి.

సలహాలకేం కరువు? హైదరాబాదులో ఇంజనీరింగు వెలగబెడుతున్న మా మేనల్లుడు వీడియోలో నా కంప్యూటరు పేర్లన్నీ విని, "మావయ్యా, దీన్ని మ్యూజియంలో పెట్టెయ్. బోర్డు, ప్రాసెసరు, ర్యాము, కార్డు అన్నీ మార్చేస్తే సరి" అని జాబితా పంపాడు. కూడి చూసుకుంటే లక్షా పద్ధెనిమిది వేలయింది. అన్నీ మార్చాక మిగిలేది రేకుపెట్టె ఒక్కటే. ఊళ్లో దుకాణం అబ్బాయి మరీ ఉదారంగా, పెట్టె మూత అయినా విప్పకుండానే, "కార్డు మార్చెయ్యండి సార్, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. గేములకి కార్డే ప్రాణమని అందరికీ తెలిసిందే. నేనూ ఔనుగామోసు అనుకున్నాను.

మా ఆవిడ ఒక్కతే, "అసలు జబ్బేమిటో చూశారా, మందులషాపుకి వెళ్లిపోవడమేనా?" అంది.

కోపం వచ్చింది గాని, ఆమాట నిజమే. ఆ పెట్టెలో ఏది ఏం చేస్తుందో చెప్పమంది. చెప్పాను. ఆటలో ఎవరెక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, అంతా లెక్కకట్టేది ప్రాసెసరు. ఆ లెక్కలకి చేతికింద కావలసిన సామగ్రి పరుచుకునే చోటు ర్యాము. దాచుకునే చోటు డిస్కు. తేలిన లెక్కని బొమ్మగా గీసి తెరమీదకి పంపేది కార్డు. ఆవిడ కూరలు తరుగుతూనే అంతా విని, "అయితే పెళ్లి భోజనాలన్నమాట. డిస్కు ఉగ్రాణం, ర్యాము వంటశాలలో బల్ల, ప్రాసెసరు వంటవాడు, కార్డు వడ్డించేవాళ్లు. బంతి ఆలస్యమవుతోందంటే ఆ ఆలస్యం వంటవాడిదో, వడ్డించేవాళ్లదో ముందు తెలియొద్దూ? వంటే దిగకపోతే వడ్డనవాళ్లని వందమందిని పెట్టి మాత్రం ఏం లాభం?" అంది.

దాన్ని పట్టుకునే ఉపాయం కూడా ఉంది. ఆ ఆదివారం నేను ఆడుతూంటే ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని పాలపద్దు పుస్తకం వెనక పేజీలో అంకెలు రాసింది. ముందు పెట్టె విప్పి ఎనిమిదేళ్ల దుమ్ము దులిపాం. ప్రాసెసరు వేడి 88 డిగ్రీలనుంచి 76కి దిగింది. ఒక్క పైసా ఖర్చు లేదు. ఆనక ఆట పెట్టాం. తెరమీద సెకనుకి మారే బొమ్మలు సగటున 88. పొగ బాంబు పడితే 35. అప్పుడు కార్డు ఎంతమేరకు పనిచేస్తోందని చూద్దును గదా - నూటికి 55 పాళ్లు! అంటే వడ్డించేవాళ్లలో సగంమంది స్తంభాలకి చేరగిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారన్నమాట.

అనుమానం తీరడానికి ఇంకో పరీక్ష. బొమ్మ సైజు 1920 బై 1080 నుంచి 1280 బై 720కి తగ్గించాం. అంటే కార్డు గీయవలసినది సగంకంటె తక్కువకి పడిపోయింది. తప్పంతా కార్డుదే అయితే ఆట పరుగెత్తాలి. 88 కాస్తా 93 అయింది. అంతే. ఇక ర్యాము చూస్తే 8 జీబీలో ఇంచుమించు ఏడున్నర నిండిపోయివుంది. పైగా ఒక్క స్టిక్కే కావడంచేత, ప్రాసెసరుకీ దానికీ మధ్య ఉన్న రెండు దారుల్లో ఒకటి ఊరికే పడివుంది.

"వంటవాడు ముసలివాడు, బల్ల ఇరుకు" అని మా ఆవిడ పుస్తకం మూసేసింది.

ముసలి వంటవాడి సంగతి సులువుగానే తేలింది. నా బోర్డుమీద ప్రాసెసరు కూర్చునే పీటని ఏఎం4 అంటారు. 2017లో కొన్న బోర్డే అయినా, బయాస్ అనే లోపలి ప్రోగ్రాము కొత్తది ఎక్కిస్తే 2022లో వచ్చిన రైజెన్ 5 5600ని అదే పీటమీద కూర్చోబెట్టవచ్చు. కరెంటు ఖర్చూ అదే, 65 వాట్లు. ధర పదకొండు వేల చిల్లర. ఇంకో లాభం కూడా ఉంది. విండోస్ 10కి మామూలు సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నా పాత ప్రాసెసరుని గుమ్మంలోకి రానివ్వదు, దీన్నయితే రానిస్తుంది.

ఇరుకు బల్ల దగ్గర వచ్చింది చిక్కు. వేసవిలో మూడు వేల చిల్లర చెప్పిన 16 జీబీ ర్యాము, డిసెంబరులో అడిగితే రెండింతలకి పైన చెప్పారు. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్దపెద్ద డేటా సెంటర్లకి చిప్పులన్నీ తరలిపోతున్నాయట. ప్రపంచంలో ఎవరో ఎక్కడో యంత్రాలకి తెలివి నేర్పుతూంటే నా పదిహేను వేలకి ఎసరు వచ్చింది. ప్రాసెసరు కొన్నాక నాకు మిగిలేది నాలుగు వేల లోపు.

మా తమ్ముడు 2024లో కొత్త యంత్రం కట్టుకున్నాడు. దాంట్లో డీడీఆర్5 రకం ర్యాము. పాత డీడీఆర్4 స్టిక్కులు రెండు సొరుగులో పడున్నాయని ఆటమధ్య ఎప్పుడో అన్నాడు. సరిగ్గా నాకు కావలసినవి. మా ఆవిడకి ఆ సంగతి చెప్పడం నా బుద్ధితక్కువ. "అడగండి మరి" అంది.

వాడు ఇస్తానన్న కార్డు వద్దనడానికి నాకు అర నిమిషం పట్టింది. ఈ రెండు స్టిక్కులు అడగడానికి మూడు రోజులు పట్టింది. రాసి కొట్టేశాను, మళ్లీ రాసి కొట్టేశాను. "ఖరీదెంతో చెప్పు, వేస్తాను" అని ఒకసారి రాశాను. అది చూసి మా ఆవిడ ఫోను లాక్కుని ఆ వాక్యం చెరిపేసి ఇచ్చింది. చివరికి వెళ్లింది ఇది: "ఒరేయ్, కార్డు నాకిప్పుడు అక్కర్లేదు. అది 170 వాట్లు తింటుంది, నా పవర్ సప్లై చాలదు. పైగా జబ్బు అక్కడ లేదు. నీ సొరుగులో ఉన్న ర్యాము కావాలిరా."

నిమిషంలో జవాబు వచ్చింది. "అంకెలు పంపు." పాలపద్దు పేజీ ఫొటో తీసి పంపాను. అక్కడినుంచి ఇక ఒకటే ప్రశ్నలు - బోర్డు పూర్తి పేరేమిటి, ఎన్ని స్లాట్లున్నాయి, బయాస్ ఏ నెలది, ప్రాసెసరు కూలరు పాతదే వాడతావా. వాళ్ల ఊళ్లో అర్ధరాత్రి ఒంటిగంటన్నర దాకా రాశాడు. నాలుగేళ్లలో వాడు నాకు రాసినవన్నీ కలిపినా అంతవవు.

సంక్రాంతికి వచ్చిన మా ఆవిడ పిన్నికూతురి పెట్టెలో స్టిక్కులు దిగాయి. ప్లాస్టిక్ సంచిలో చిన్న కాగితం. "ప్రాసెసరు వైపునుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో ఒకటి, నాలుగో స్లాటులో ఒకటి. నీ పాతది కలపకు." వాడి చేతిరాత ఇంకా అలాగే ఉంది, సున్నాలు విడిపోయి, కొమ్ములు పొడుగ్గా.

ఇక శస్త్రచికిత్స. పాత ప్రాసెసరు ఉండగానే ముందు బయాస్ మార్చాలి. ముందే కొత్తది పెడితే ఆ పాత బయాస్ దాన్ని గుర్తుపట్టదు. బయాస్ ఎక్కుతూండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. మా వీధి కరెంటు సంగతి ఎరిగినవాణ్ణి గనక పక్కింటివారి యూపీఎస్ అరువు తెచ్చాను. పని అయ్యేదాకా దీపం రెప్పవాల్చలేదు. యూపీఎస్ తిరిగి ఇచ్చి గుమ్మం ఎక్కుతూండగా పోయింది.

కూలరు ఊడదీయడం ఇంకో గండం. ఎండిపోయిన పేస్టుతో ప్రాసెసరు కూలరుకే అంటుకుని, పీటనుంచి పెళ్లగించుకుని వచ్చేస్తుంది. దాని అడుగున 1331 సూదికాళ్లుంటాయి. ఒకటి వంగినా తిప్పలే. కాసేపు ఆట ఆడి వేడెక్కనిచ్చి, తరవాత కూలరుని ఇటూ అటూ మెల్లిగా తిప్పుతూ తీయమన్నాడు మా తమ్ముడు. వీడియోలో వాడు చూస్తూండగానే తీశాను. వాడు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

ఇప్పుడు సగటు 140 దాటింది. పొగలో కూడా 80కి తగ్గడంలేదు. కార్డు నూటికి 98 పాళ్లు పనిచేస్తోంది. వడ్డించేవాళ్లు చెమటలు కక్కుతున్నారు. వాళ్ల వంతూ ఒకనాటికి వస్తుంది. ఆ తరం కార్డులకి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇక భద్రతకి సంబంధించినవి మాత్రం 2028 దాకా. అప్పుడు పవర్ సప్లై కూడా మార్చాలి. 3060 ఎవరికీ అమ్మలేదని మా తమ్ముడు రెండుసార్లు చెప్పాడు. చూద్దాం అన్నాను.

ఆ శనివారం మూడో రౌండు. పొగ పడింది. బొమ్మలు ఆగలేదు. ఇద్దరం గోడవార నిలబడి పొగ విడేదాకా కాపు వేశాం. అవతలనుంచి ఎడమా కుడీ ఏమీ వినిపించలేదు. కాసేపటికి,

"అన్నయ్యా, పెరట్లో పనసచెట్టు కొట్టేశారా వాళ్లు?" అన్నాడు.

"లేదురా. మొన్న సంక్రాంతికి అటు వెళ్లి చూశాను. గోడ మాత్రం జరిపారు. చెట్టు అలాగే ఉంది, కాయ కూడా..."

అటు తిరిగి చెబుతూండగానే ఎవడో వెనకనుంచి వచ్చి ఇద్దర్నీ కాల్చేశాడు.