వాన అడ్డమయ్యే లోకం

2023 అక్టోబరు 20. ఆ ఒక్కరోజే మార్వెల్స్ స్పైడర్-మ్యాన్ 2, సూపర్ మారియో బ్రదర్స్ వండర్ అనే రెండు వీడియో గేములూ విడుదలయ్యాయి. వారం తిరిగేసరికి అలన్ వేక్ 2. అంతకుముందే మేలో జెల్డా, ఆగస్టులో బాల్డర్స్ గేట్ 3. ఆటలకు అంత పండిన ఏడాది నేనెరగను.

మా కంబదూరులో అది శెనక్కాయ పీకే కాలం. వాన లేక పదును తప్పిన చేలో ఊడలు దిగవు, కాయ ఊరదు. దసరా సెలవుల్లో రాత్రిపూట మిద్దె మీద పడుకొని, ఎవరో ఆడిన జెల్డాను మా మేనల్లుడు ఫోన్‌లో చూసేవాడు. అందులో వాన పడితే కొండరాళ్లు జారుడవుతాయి, ఆటలోని వీరుడు లింక్ సులువుగా పైకెక్కలేడు.

“వాన ఎప్పుడు నిలుస్తాదో అని కాసుకోనుండాడు, మామా!” అన్నాడు.

వాన రావాలని తప్ప, నిలవాలని ఎదురుచూసే మనిషిని వాడు చూడడం అదే మొదలు. ఆ ఆట ఒక్కసారైనా వాడి చేతికి అందాలి.