చెక్కగది కింద చీకటి

ఇంగ్లండులో పెరటి చెక్కగదిని నేలకి ఆనించరు. చెమ్మ తగలకుండా దిమ్మెల మీద నిలబెడతారు. మంచి పనే. కానీ ఆ జానెడు ఖాళీ ఎలుకకి అద్దె లేని ఇల్లు.

చుట్టూ ఇటుకలు పేర్చి మూసేద్దామనిపిస్తుంది నాకు. మూస్తే గాలాడదు, గాలాడకపోతే దూలాలు కుళ్లుతాయి. గాలిని రానిచ్చి ఎలుకని ఆపాలంటే జింకు పూత ఇనుప వలే దిక్కు. కోళ్ల దొడ్డికి కట్టే వల చాలదు, కన్నాలు పెద్దవి. చిట్టెలుక పెన్సిలంత సందులోనూ దూరేస్తుంది, అందుకే కన్ను 6 మిల్లీమీటర్లు దాటకూడదు. వలని అడుగు లోతు దించి కొసని బయటివైపు మడిస్తే, గోడవారన తవ్వుకుంటూ వచ్చే ఎలుకకి అడ్డం తగులుతుంది.

పూర్వం దక్షిణ ఇంగ్లండు రైతులకి ఈ వలలెక్కడివి? ధాన్యపు కొట్లని పుట్టగొడుగు ఆకారపు రాళ్ల మీద నిలబెట్టారు. కాడ ఎక్కిన ఎలుక, గొడుగు అంచు కింద తలకిందులుగా పాకలేక దిగిపోయేది. ఎంత తెలివి! ఇప్పుడా రాళ్లు తోటల్లో అలంకారం. చెక్కగది మాత్రం మామూలు దిమ్మెల మీదే.

పైగా ఆ గది పక్కనే పిట్టలకని గింజల గొట్టం వేలాడదీస్తారు. రాలిన గింజలకి రాత్రిపూట ఎవరొస్తారనుకుంటారో మరి.