సబ్బవరం టు అగనంపూడి: ముప్పై సార్లు ఒకే దారి

వైజాగ్ ట్రిప్ అంటే మీకు ఆర్కే బీచ్, కైలాసగిరి, అరకు గుర్తొస్తాయి. నేను మాత్రం ఈ మధ్య ఒకే రోడ్డు మీద ముప్పై సార్లు వెళ్లొచ్చాను. సబ్బవరం నుంచి అగనంపూడి. వ్యూ పాయింట్ లేదు, రీల్ తీసుకునే చోటూ లేదు. అయినా ఇప్పటిదాకా నేను చేసిన ప్రయాణాల్లో పెద్దది అదే.

ముందు మా ఊరి సంగతి. పెందుర్తికీ అనకాపల్లికీ మధ్యలో ఉంటుంది సబ్బవరం. 2022 నుంచి కాగితాల మీద మాది అనకాపల్లి జిల్లా. ఎవరైనా ఏ ఊరని అడిగితే మాత్రం ఇప్పటికీ ‘వైజాగ్’ అనే చెప్తాం. దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉన్నది ఇక్కడే. అనకాపల్లి–ఆనందపురం ఆరు లేన్ల హైవే పడ్డాక రాత్రీపగలూ లారీల చప్పుడే.

మా అన్నయ్య అలాంటి లారీయే నడిపేవాడు. నైట్ డ్యూటీలో నిద్ర రాకుండా చెంపలో గుట్కా పెట్టుకునేవాడు. మానెయ్యమంటే ఒకటే మాట: “నాయనమ్మ అడ్డపొగ తాగీ ఎనభై ఏళ్లు బతికింది కాదేటి?”

అడ్డపొగ మీలో చాలామంది చూసి ఉండరు. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరాల నాటి అలవాటు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. డెన్మార్క్ డాక్టర్ పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు కలిసి ఇక్కడి పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో దీని మీద పెద్ద పరిశోధనా పత్రమే రాశారు. నోటి క్యాన్సర్ గురించి ప్రపంచం చదువుకున్న పాఠాల్లో మా నాయనమ్మల నోళ్లు కూడా ఉన్నాయన్నమాట. ఇక గుట్కాలో ఉండే వక్క సంగతి. పొగాకు కలవకపోయినా అది క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రచురించింది.

అన్నయ్యకి ఎడమ చెంప లోపల పుండు పడింది. వారాలు గడిచినా మానలేదు. బయాప్సీ, ఆ తర్వాత ఆపరేషన్. గాయం మానాక రేడియేషన్ అన్నారు. మా వైపు దాన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, ఆరు వారాలు, మొత్తం ముప్పై. వదినకి ఇద్దరు చిన్నపిల్లలు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. అలా డ్రైవింగ్ నా వాటాకొచ్చింది. నాకు కారు నేర్పింది అన్నయ్యే. ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని, మాట రాకపోయినా చేత్తో ‘గేర్ మార్చు’ అని సైగ చేసేవాడు.

దారి ఇదీ. హైవే ఎక్కి అనకాపల్లి వైపు. బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు ఆ దగ్గర్లోనే. తర్వాత వైజాగ్ వైపు తిరిగితే లంకెలపాలెం. అక్కడి నుంచి పరవాడ వైపు ఫార్మా కంపెనీల బస్సులు, సింహాద్రి థర్మల్ ప్లాంటు. ఇంకొంచెం ముందుకెళ్తే అగనంపూడి, అక్కడ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్. ముంబై టాటా మెమోరియల్ సెంటర్‌కి చెందినదే. ఒకప్పుడు ముంబై రైలెక్కాల్సిన వాళ్లు ఇప్పుడు శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి ఇక్కడికొస్తున్నారు.

మొదటి రెండు వారాలు సాఫీగానే గడిచాయి. ముఖానికి వలలాంటి ప్లాస్టిక్ మాస్క్ బిగిస్తారు, తల కదలకుండా. కొన్ని నిమిషాల పని. నొప్పి ఉండదు. అసలు కష్టం మూడో వారంలో మొదలైంది. నోరంతా పూసింది. లాలాజలం ఎండిపోయింది. రుచి పోయింది. అనకాపల్లి బెల్లం వేసి రాగిజావ ఇస్తే, “మట్టి నీళ్లలా ఉందే” అని కాగితం మీద రాశాడు. బెల్లం మార్కెట్‌కి దేశమంతా పేరున్న ఊరి పక్క నుంచి రోజూ వెళ్తున్నాం, మావాడికి తీపి తెలీడం లేదు.

అప్పటి నుంచి రోడ్డు నాకు వేరేలా కనిపించింది. స్పీడ్ బ్రేకర్లు ఎక్కడెక్కడున్నాయో బట్టీ పట్టేశాను. ఒక్క కుదుపుకే చెంప పట్టుకునేవాడు. బ్యాగులో వంటసోడా, ఉప్పు కలిపిన నీళ్ల సీసా, దాన్ని పుక్కిలించి ఉమ్మడానికి డబ్బా. ఐస్‌క్రీమ్ పుల్లల కట్ట. నోరు బిగుసుకుపోకుండా వాటిని పళ్ల మధ్య పెట్టి, ఓపికను బట్టి ఒక్కో పుల్లా పెంచాలి. ఫోన్లో రోజువారీ బరువు. ఆఫీసులో వేసుకునే ఎక్సెల్ షీట్ ఇక్కడా వేశాను. కాకపోతే ఇందులో అరకిలో తగ్గినా రాత్రి నిద్ర పట్టదు.

ఇరవై రెండో రోజు అన్నయ్య మంచం దిగలేదు. “నావల్ల కాదే చిట్టీ. ఒక వారం ఆగి ఎల్దాం.” వదిన ఏడ్చింది. మధ్యలో ఆపొద్దని డాక్టర్లు మొదట్నుంచీ చెప్తున్నారు. గ్యాప్ ఇస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరిగే టైమ్ దొరుకుతుంది. అదంతా వాడికీ తెలుసు. అందుకే లెక్చర్ ఇవ్వలేదు. “లోపలికి రావొద్దులే. కార్లో కూర్చో. నర్సుని కలిసి నొప్పి మందు రాయించుకుని వచ్చేద్దాం” అన్నాను. ఏమనుకున్నాడో, వచ్చాడు.

హాల్లో ఒక మామ్మ ఉంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముక్కులోంచి గొట్టం. శ్రీకాకుళం అవతల ఏదో పల్లె. అంగిలికి వచ్చిందట, అడ్డపొగ వల్ల. అన్నయ్యని చూసి గొంతు పెగల్చుకుని అడిగింది, “నీకెన్నోదిరా బాబూ?”

వాడు వేళ్లతో చూపించాడు. ఇరవై రెండు.

“నాకు పంతొమ్మిది. నువ్వే నయం.”

అన్నయ్య ఆవిడ వంక చాలాసేపు చూశాడు. నాయనమ్మ గుర్తొచ్చిందేమో. పేరు పిలవగానే లేచి లోపలికెళ్లాడు. తిరుగు దారిలో ఏమీ రాయలేదు. మర్నాడు పొద్దున్న మాత్రం నాకంటే ముందే కారు దగ్గర నిలబడ్డాడు. నొప్పి మందు డోసు పెంచారు, వాడికీ గొట్టం వేశారు. బరువు నిలబడింది. ముప్పై పూర్తయ్యాయి.

ధైర్యం చెప్పడమే పేషెంట్ పక్కనున్న వాళ్ల పని అని సినిమాలు చూపిస్తాయి. నాకు తెలిసొచ్చింది వేరు. ఈ రోజుకి ఆ మనిషిని కారెక్కించడం. ఈ పూటకి ఇంకో గ్లాసు జావ దించడం. రేపటి సంగతి రేపు. డబ్బు దగ్గర ఆగిపోయే ఇళ్లుంటే ఎన్టీఆర్ వైద్యసేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, క్యాన్సర్‌కి కూడా ఉంది. ముందు అది కనుక్కోండి.

మీరు కూడా ఫోన్ టార్చ్ వేసుకుని ఒకసారి అద్దంలో చూసుకోండి. రెండు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ. నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పట్టించండి. పట్టకపోతే, మచ్చేదైనా ఉంటే, గూగుల్ వద్దు. డెంటిస్ట్ దగ్గరికి వెళ్లండి.

మా దగ్గర పుల్లల లెక్క ఇంకా నడుస్తోంది. నిన్న పదహారు పట్టాయి. నెల కింద పన్నెండు. వచ్చే నెల చెకప్. ఆ రోజు బండి తనే నడుపుతాడట. హైవే దాకా ఇస్తానన్నాను, లంకెలపాలెం నుంచి నేనే.