కాలు జారితే నోరు తెరవండి



"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం" అని పెద్దలు అంటారు. నోటి సంగతి నిజమే. కాలి సంగతి మాత్రం అంత సులువు కాదు. ఒక్క కాలు జారితే మా ఇంట్లో ఎంత నష్టం జరిగిందో నాకు తెలుసు. అందుకే ఈసారి మన గోడపత్రికకు కథ ఇవ్వకుండా కాలి గురించి రాస్తున్నాను. సైన్సు సార్‌ను, మన హాస్టలుకు వచ్చే నర్సమ్మను అడిగి తెలుసుకున్న విషయాలు కూడా ఇందులో చేర్చాను.

మనిషి ఒంట్లో 206 ఎముకలు ఉంటాయి. ఒక్కో పాదంలో 26. అంటే రెండు పాదాలకు 52. ఒంట్లోని ఎముకల్లో నాలుగో వంతు పాదాల్లోనే ఉన్నాయన్న మాట! మోకాలి కింది ఎముకలు రెండూ దిగి వచ్చి పాదం మీద కూర్చునే చోటు చీలమండ. అటూ ఇటూ గుండ్రంగా పొడుచుకొని కనబడే గిలకలు ఆ రెండు ఎముకల కొసలే. ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీలను సంధి బంధనాలు అంటారు. కాలు బెణికినప్పుడు పాదం ఎక్కువగా లోపలికి మడత పడుతుంది. బయటివైపు పట్టీలు సాగిపోతాయి, ఒక్కోసారి తెగుతాయి. అందుకే బయటి గిలక కిందనే వాపు వస్తుంది.

ఇక మా నాయన సంగతి చెబుతాను. మా ఊరు పలమనేరు పక్కన అడవి అంచులో ఉంది. 1990లో ప్రభుత్వం కౌండిన్య అభయారణ్యం అని పేరు పెట్టిన అడవే అది. రాత్రి పూట ఏనుగులు పంటల మీదికి వస్తాయి. మా నాయన ఒకరి టమాటా తోటకు కాపలా ఉండేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక రాత్రి "ఏనుగు వచ్చె, ఏనుగు వచ్చె" అని కేకలు వినబడినాయి. నాయన చీకట్లో ఉత్త కాళ్లతో పరిగెత్తినాడు. కాలువ గట్టు మీద పాదం మడత పడింది. ఏనుగు నుంచి తప్పించుకున్నాడు గానీ కాలు తప్పించుకోలేదు.

తెల్లారి ఎవరికీ చెప్పలేదు. చెబితే కాపలా పని ఇంకొకరికి ఇస్తారని భయం. గుడ్డ చుట్టుకొని కుంటుతానే పనికి పోయినాడు. తెలిసిన ఒకాయన వేడి కాపడం పెట్టి, నూనె పోసి గట్టిగా తోమినాడు. వాపు ఇంకా పెరిగింది. ఎనిమిదో రోజు ఎక్స్‌రే తీస్తే బయటి గిలక ఎముక విరిగి పక్కకు జరిగి ఉంది. ఆపరేషన్ చేసినారు. నాలుగు నెలలు నాయనకు పని లేదు. అప్పుడు మా అన్న పదో తరగతి. నాయనకు బదులు కాపలాకు పోయినాడు. నాలుగు నెలలే కదా అనుకున్నాం. అన్న మళ్లీ బడికి రాలేదు.

ఒక కాలు బెణికితే ఇంకొకరి చదువు ఆగిపోతుందని మనం అనుకోము. మా ఇంట్లో అదే జరిగింది.

కాలు బెణికితే ఏం చేయాలి? మొదట ఆట ఆపేయాలి. చల్లని నీళ్లలో తడిపిన గుడ్డ గానీ, గుడ్డలో చుట్టిన ఐసు గానీ పెట్టాలి. సాగే పట్టీ కట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టాలి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, మర్దన పనికిరావు. ఎక్స్‌రే అవసరమా కాదా అని కనుక్కోవడానికి 1992లో కెనడా దేశంలోని ఒట్టావా నగరం డాక్టర్లు ఒక పద్ధతి రాశారు. అందులో మనం కూడా గుర్తు పెట్టుకోదగినవి రెండు ఉన్నాయి. దెబ్బ తగిలిన కాలి మీద బరువు మోపి నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. గిలక ఎముక వెనక అంచును నొక్కితే నొప్పి పుట్టినా తీయించాలి. మన వయసులో ఎముకల కొసలు ఇంకా పెరుగుతూ మెత్తగా ఉంటాయి. కాబట్టి "ఉత్త బెణుకే లే" అని మనంతట మనమే తేల్చుకోకూడదు.

ఎముక అనగానే మనవాళ్లు పుత్తూరు బస్సు ఎక్కుతారు. పుత్తూరు దగ్గర ఈశ్వరాపురంలో రాజుల కుటుంబం వాళ్లు వేసే కట్టు పేరు తెలియనివాళ్లు మన సీమలో లేరు. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు, వెదురు దబ్బలు, గుడ్డ వాడి కడతారు. సైన్సు సార్ ఏమన్నారంటే, ఎముక తనంతట తానే అతుక్కుంటుంది, కట్టు చేసే పని దాన్ని కదలకుండా ఉంచడమే. కానీ ఎముక పక్కకు జరిగిపోయినా, తోలు చీలి గాయమైనా ఏ కట్టూ చాలదు, ఆసుపత్రికే పోవాలి. ఎక్కడ కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే చూపించాలి. కట్టు వేశాక వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే కట్టు విప్పించాలి.

బెణుకు కంటే మనకు ఎక్కువగా జరిగేది ముల్లు గుచ్చుకోవడం, ఎదురుదెబ్బ తగలడం. తుమ్మముల్లు, రేగుముల్లు, పల్లేరుకాయ మనకు చుట్టాల్లాంటివి. ముల్లును ముల్లుతోనే తీయాలనే సామెత వినడానికి బాగుంటుంది గానీ కాలికి మంచిది కాదు. నేల మీది ముల్లుకు మట్టి ఉంటుంది. ఆ మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. గాలి తగలని లోతు గాయమంటే వాటికి ఇష్టం. సబ్బుతో కడిగి, శుభ్రమైన సూదితో తీయించుకోవాలి. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేసే టి.డి. సూది దీని కోసమే. సూది వేసే రోజు మరుగుదొడ్ల వెనక దాక్కునే తమ్ముళ్లు ఇది చదవాలి!

ఉత్త కాళ్లతో బయటికి పోతే ఇంకో దొంగ కూడా వస్తాడు. కొంకి పురుగు పిల్లలు తడి మట్టిలో ఉండి, పాదం తోలులో నుంచే ఒంట్లోకి దూరుతాయి. పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. మనిషి పాలిపోయి, ఆయాసపడతాడు. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర అందుకే. మాత్ర మింగినా చెప్పులు లేకపోతే మళ్లీ వస్తాయి.

బూట్లు వేసుకున్నా జాగ్రత్త కావాలి. కొంతమంది కొత్త బూట్లను పండక్కని పెట్టెలో దాచుతారు. తీసే సరికి అవి చిన్నవై కాలు కరుస్తాయి. తడి కాళ్లకు సాక్సులు వేసుకుంటే వేళ్ల సందులు తెల్లగా పాసి, దురద పెట్టి, తోలు ఊడుతుంది. తుడుచుకొని ఆరబెట్టుకుంటే చాలావరకు రాదు. ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడకూడదు. గోరును అడ్డంగా కత్తిరించాలి. మూలలు తవ్వితే గోరు కండలోకి దిగుతుంది. ఆనెకాయను పాత బ్లేడుతో కోయడం మన హాస్టల్లో ఒకరిద్దరికి అలవాటు, మానేయండి.

నొప్పి పుడితే కాలు మనతో మాట్లాడినట్టే. నొప్పి లేని పుండు ఇంకా చెడ్డది. మా అవ్వకు షుగరు. అరికాలిలో ముల్లు విరిగి పుండైనా ఆమెకు తెలియలేదు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అవ్వల, తాతల అరికాళ్లు ఒకసారి చూడండి. స్పర్శ తెలియని మచ్చ కనబడితే ఆరోగ్య కేంద్రంలో చూపించండి. అది కుష్ఠు అయినా మందులు ఉచితం, నయమవుతుంది. వంకర పాదాలతో పాప పుడితే శాపం అనుకోవద్దని చెప్పండి. మొదటి వారాల నుంచే వారం వారం పిండికట్లు మారుస్తూ పోతే పాదాలు చక్కబడతాయి. తిరుపతిలో టి.టి.డి. వారి బర్డ్ ఆసుపత్రిలో ఇలాంటి వైద్యం చేస్తారు.

ఇంత రాసినా అసలు మాట ఒక్కటే. మనం కాలి నొప్పి దాస్తాం. ఎందుకు? ఖోఖో టీములో నుంచి తీసేస్తారని, ఇంటికి పంపిస్తారని, "ఆ మాత్రం దానికే ఏడుస్తావా" అని నవ్వుతారని. మా నాయనకు పని పోతుందని భయం, మనకు ఆట పోతుందని భయం. మొదటి రోజే చెబితే రెండు వారాల ఆట పోవచ్చు. దాస్తే పోయేది ఎంతో ఎవరికీ తెలియదు.

వార్డెన్ సార్‌కు మా మనవి: ప్రతి శనివారం సాయంత్రం స్నానాలయ్యాక పది నిమిషాలు అందరి కాళ్లు చూసే ఏర్పాటు చేయండి. పెద్ద తరగతుల వాళ్లం చిన్నవాళ్ల కాళ్లు చూస్తాం, నోటు పుస్తకంలో రాసి ఇస్తాం. కాలు నొప్పి అని చెప్పిన పిల్లవాడికి, నయమయ్యాక టీములో చోటు మళ్లీ ఇస్తామని పి.ఇ.టి. సార్ ఒక్క మాట చెబితే చాలు, సగం మంది దాయడం మానేస్తారు.

తమ్ముళ్లారా, ఈ శనివారం నుంచి నా గది ముందు బకెట్టు, సబ్బు పెడతాను. ఎవరి కాలికి ఏమున్నా సిగ్గుపడకుండా రండి.

— 10వ తరగతి విద్యార్థి